ఖాళీగా కనిపించిన పెన్‌డ్రైవ్

మా అత్త మెడ మీద వాపు మొదట నిమ్మకాయంత ఉండేది. ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు. కొంగు మెడ చుట్టూ తిప్పుకుని, చలిగా ఉందని చెప్పేది. అండమాన్‌లో చలేమిటని మా ఆయన నవ్వాడు గానీ కొంగు తీసి చూడలేదు. అది జామకాయంత అయి, అన్నం ముద్ద దిగేటప్పుడు అడ్డం పడటం మొదలయ్యాకే ఆమె నోరు విప్పింది.

అప్పట్లో మేం రంగత్‌లో ఉండేవాళ్లం. ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. నేను దగ్గర్లోని ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పేదాన్ని. సునామీ వచ్చి కొన్నేళ్లయింది. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. మా బడికి కంప్యూటర్ల గది వచ్చింది, ఆ గదికి ఏసీ కూడా వచ్చింది. ఎండాకాలంలో ఏదో ఒక పని కల్పించుకుని అందరం అక్కడికే చేరేవాళ్లం.

అత్తను పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లి చూపించాం. థైరాయిడ్ గడ్డ అన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ తీసేయాలి, విశాఖపట్నంలో చేయించుకుంటే మంచిదని చెప్పారు. ఆ డాక్టరు నెమ్మదస్తుడు. హిందీలో అంతా విడమరిచి చెప్పాడు. గొంతును కదిలించే నరం సరిగ్గా ఆ గడ్డ వెనకనుంచే పోతుందట. జాగ్రత్తగానే చేస్తారు, అయినా కొందరికి మాట బొంగురుపోతుంది, ఎప్పుడో ఒకరికి అసలు పలకదు, ముందే చెప్పడం నా ధర్మం అన్నాడు.

మా అత్తకు హిందీ బాగా వచ్చు. అన్నీ విని తల ఊపింది. తిరుగు ప్రయాణంలో అడవి దాటడానికి బళ్లన్నీ కలిసి కదిలే కాన్వాయ్ కోసం బస్సు ఆగినప్పుడు టీ తాగుతావా అని అడిగితే వద్దంది. ఆమె టీ వద్దనడం నేనెప్పుడూ వినలేదు.

ఆమె గొంతు గురించి చెప్పకపోతే ఈ సంగతి అర్థం కాదు. శ్రీకాకుళం జిల్లాలోని సముద్రపొడ్డు ఊరినుంచి కొత్త పెళ్లికూతురిగా ఓడెక్కి వచ్చింది. మామ వల వేస్తే ఆమె గంప నెత్తిన పెట్టుకుని అమ్మింది. తెలుగువాళ్ల ఇళ్ల ముందు తెలుగులో, బెంగాలీల ఇళ్ల ముందు బెంగాలీలో, ఆఫీసర్ల క్వార్టర్ల ముందు హిందీలో కేక వేసేది. ఏ భాషలో వేసినా ఆ కేక మాత్రం మా సముద్రపొడ్డుదే. ముగ్గురు పిల్లల్ని ఆ గొంతుతోనే పెంచింది. ఇంట్లో ఆమె మెల్లగా మాట్లాడితే పక్కింటివాళ్లు వచ్చి ఒంట్లో ఎలా ఉందని అడిగేవారు.

బస్సు మళ్లీ కదిలాక, అడవి రెండువైపులా మొదలయ్యాక, నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మీ, నా మాట పోతే ఎలగే? సేపలమ్మడం మానీసినాను గానీ మాటాడ్డం మాన్లేదు గదా.”

“పోదు అత్తా. డాక్టర్లు అన్నీ చెప్పాలి కాబట్టి చెప్తారు.”

“పోతే?”

కిటికీలోంచి అడవిని చూస్తూ తనే అంది: “ఆడి ఫోన్లో పాటలు పడతాయి గదా. నా మాట కూడా పట్టీయండి. బేగి పట్టీయండి, ఓడ డేట్ రాకముందే.”

అలా మొదలైంది. సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వరండాలో కూర్చునేది. గొంతు పట్టడానికి చీరెందుకని నేనంటే, ఊరుకో నీకు తెల్దు అనేది. మా ఆయన ఫోను ముక్కాలిపీట మీద పెట్టేవాళ్లం. మా ఇద్దరు ఆడపిల్లలు చెరోవైపు కూర్చునేవారు. మొదటి రోజు ఫోనుకు వినబడదేమోనని అరిచి చెప్పింది. అది మళ్లీ వినిపించాక, “నాను ఇలగ మాటాడతానా? బాబోయ్” అని తనే చెవులు మూసుకుంది.

ఓడలో వాంతులైన కథ చెప్పింది. కింది అంతస్తులో, ఇంజన్ చప్పుడు పక్కన, తనకంటే చిన్నదైన ఇంకో పెళ్లికూతురు రాత్రీ పగలూ ఏడుస్తుంటే, దాన్ని ఓదారుస్తూ తన ఏడుపు మరిచిపోయిందట. దిగిన కొత్తలో జలగలకు భయపడి చెప్పులతోనే మంచమెక్కి పడుకున్న సంగతి చెప్పింది. చలిజ్వరాలు వస్తే ఇంటింటికీ మనిషి వచ్చి గోడలకు మందు కొట్టి వెళ్లేవాడని, ఆ వాసనకు దోమలకంటే ముందు తనే పడిపోయేదాన్నని చెప్పింది. పిల్లల్ని ఊయల్లో వేసి పాడిన పాటలు పాడింది. చేపల కేక మూడు భాషల్లోనూ వేసింది. అది విని పక్కింటి బెంగాలీ ఆవిడ నిజంగానే గిన్నె పట్టుకుని గేటు దగ్గరకు వచ్చింది. ఆఖర్న, తనకు మాట పోతే ఎప్పుడైనా పనికొస్తుందని, మా ఆయన్ని తిట్టే తిట్లు కూడా వరసగా పట్టించింది. “ఈడు ఆలీసంగా ఇంటికొస్తే ఇది పెట్టు, అన్నం ఒగ్గీస్తే ఇది పెట్టు” అని నాకు అప్పగింతలు పెట్టింది.

ఫోను నిండిపోయింది. బడి కంప్యూటర్లో పెట్టి అన్నింటినీ నా పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, ఫోను ఖాళీ చేశాను. సీడీ చేయిస్తే ఇంట్లో టీవీ దగ్గర వేసుకుని వినొచ్చని మా ఆయన అన్నాడు. రంగత్ బజార్లో అందరూ వెళ్లే జిరాక్స్ షాపు ఒకటుండేది. ఫోటోలు, అప్లికేషన్లు, పాటలు, సినిమాలు, ఏ పనైనా అక్కడే. షాపు భయ్యా నా పెన్‌డ్రైవ్ తన కంప్యూటర్‌కు గుచ్చి, ఫైళ్లు చూసి, పెదవి విరిచాడు.

“మేడమ్, ఖాళీ సీడీలు లేవు. సామాను వచ్చే ఓడ ఇంకా రాలేదు. నెక్స్ట్ వీక్ రండి.”

పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. అత్తకు ఓడ డేట్ వచ్చేసింది. మా ఆయన సెలవు పెట్టి ఆమెను తీసుకుని వెళ్లాడు. బస్టాండులో అత్త పిల్లల తలలు నిమిరి, బస్సెక్కి, కిటికీలోంచి నావైపు గట్టిగా అరిచింది: “కోళ్లకి మేత మర్సిపోకు!”

ఆ తర్వాతి వారం బడిలో ఖాళీ దొరికినప్పుడు, ఒకసారి వినాలనిపించి కంప్యూటర్ల గదికి వెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టాను. లోపల ‘అత్త’ అని నేను పేరు పెట్టుకున్న పసుపుపచ్చ ఫోల్డర్ కనిపించింది. దాని మూల ఒక చిన్న బాణం గుర్తు ఉంది. ఇదివరకు ఉండేదా? గుర్తు రాలేదు. దాని మీద రెండుసార్లు నొక్కాను. నల్లటి కిటికీ ఒకటి కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోయింది. ఫోల్డర్ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మెరుపు. పక్క కంప్యూటర్‌కు మార్చాను. అక్కడా అంతే. ఇంకో దానికి మార్చాను.

అలా నా చేతులతోనే గదంతా తిప్పానని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, అత్త గొంతు తెరుచుకోవడం లేదు.

మర్నాడు స్టాఫ్ రూమంతా గోల. లెక్కల మాస్టారి ప్రశ్నపత్రాలు మాయమయ్యాయి. సైన్సు మేడమ్ పెన్‌డ్రైవ్‌లో కూతురి పుట్టినరోజు ఫోటోలు పోయాయి. అందరి ఫోల్డర్లకూ అదే బాణం. కంప్యూటర్‌లో ఉన్న యాంటీవైరస్ మాత్రం అంతా క్షేమమని పచ్చ గుర్తు చూపిస్తూ కూర్చుంది. లెక్కల మాస్టారు తెలిసిన చిట్కా ఒకటి చేసి, ఆ బాణాల ఫోల్డర్లను ఎంచి చెరిపేశాడు. తన దాంట్లోంచే కాదు, సాయం చేద్దామని నా దాంట్లోంచి కూడా. ఇప్పుడు తెరిచి చూస్తే తెల్లటి ఖాళీ. ఏమీ లేదు.

హెడ్‌మాస్టారు వచ్చి చూశారు. ఆయన మంచివారే, కానీ పని తెమిలిపోవాలనే రకం.

“అన్నీ ఫార్మాట్ కొట్టేయండి. మెషీన్లూ పెన్‌డ్రైవ్‌లూ అన్నీ. కొత్తగా మొదలెడదాం.”

ఫార్మాట్ అంటే అంతా తుడిచేయడమని నాకు తెలుసు. పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో పెట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“సార్, నాది వద్దు.”

“ఖాళీ దాంట్లో ఇంకేముందమ్మా?”

నేను గుప్పిట తెరవలేదు. విశాఖపట్నంలో అత్త ఆస్పత్రిలో చేరింది. అప్పటికింకా ఆపరేషన్ తేదీ ఇవ్వలేదు. ఒకవేళ ఆ నరానికేమైనా అయితే, ఇక ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదే ఆమె మాట.

మా కంప్యూటర్ టీచరు సెలవులోంచి ఆ రోజే తిరిగి వచ్చింది. బెంగాలీ కుటుంబం, నాకంటే పెద్దది. అందరం దీదీ అనేవాళ్లం. మాతో హిందీలోనే మాట్లాడేది. ఇక్కడ నేను రాసేది ఆ మాటలకు తెలుగు. ఆమె గదిలోకి వస్తూనే ఎవర్నీ ఏమీ అనకుండా, ముందు కంప్యూటర్లను కలిపే వైరు లాగి పక్కన పెట్టింది. తర్వాత అన్ని పెన్‌డ్రైవ్‌లనూ ఒక టిఫిన్ డబ్బాలో వేయించి మూత పెట్టింది.

“ఇంక ఎవరూ దేన్నీ దేనికీ గుచ్చొద్దు. ఫార్మాట్ కూడా వద్దు. ముందు ఇదేమిటో చూద్దాం.”

నా సంగతి విడిగా చెప్పాను. చెప్తూ ఏడ్చాను కూడా. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

“ఘబ్రావ్ మత్, కంగారుపడకు. పోయిందని ఎవరన్నారు?”

“ఖాళీగా ఉంది కదా దీదీ.”

“ఖాళీగా కనిపిస్తోంది. చూద్దాం రా.” ఎలాగూ రోగం తగిలిన కంప్యూటరే కదా అని ఒకదానికి నా పెన్‌డ్రైవ్ పెట్టి, ఎంత నిండిందో చూపించే గుండ్రటి బొమ్మ తెరిచింది. “ఏం కనిపిస్తోంది చెప్పు.”

గుండ్రంలో నిండిన భాగం నీలం, అది దాదాపు అంతా నీలంగానే ఉంది. నేను కళ్లు తుడుచుకుని దాన్నే చూశాను.

“దీదీ, ఖాళీ అయితే ఇంత నీలం ఎందుకుంది?”

“అదీ మాట!” అని ఆమె నా భుజం తట్టింది. “కుండ తేలిక కాలేదు. అంటే నీళ్లు లోపలే ఉన్నాయి. ఎవరో మూత మీద గుడ్డ కప్పారు.”

నాకు ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. పూర్తి ధైర్యం కాదు గానీ, సగం. వెంటనే ఆ గుడ్డ తీసేయమని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. గుడ్డ కప్పినవాడు ఇంకా ఇదే గదిలో ఉన్నాడు, మనం తీస్తే మళ్లీ కప్పుతాడు, ఈసారి ఇంకేం చేస్తాడో తెలియదు, ముందు గది శుభ్రం కావాలంది.

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. వైరస్ అంటే అదేదో కంప్యూటర్‌లో దానంతటదే పుట్టే తెగులని నేననుకునేదాన్ని, బియ్యంలో పురుగు పుట్టినట్టు. అది కాదట. ఎక్కడో ఒక మనిషి కూర్చుని రాసిందేనట.

“ప్రోగ్రాం అంటే ఏమిటి? కంప్యూటర్‌కు మనిషి వరసగా ఇచ్చే ఆజ్ఞలు. మార్కులు కూడమని రాస్తే కూడుతుంది. ఫోల్డర్లు దాచమని రాస్తే దాస్తుంది. దానికి మంచి పనో చెడ్డ పనో తెలియదు. చెప్పింది చేస్తుంది.”

ఒక రకం వేరే ఫైలుకు అంటుకుని బతుకుతుంది, ఆ ఫైలు తెరిస్తే లేస్తుంది, దాన్నే అసలు వైరస్ అంటారని చెప్పింది. ఇంకో రకం ఎవరికీ అంటుకోనక్కర్లేకుండా తనే పాకుతుందట, దాన్ని పురుగు అంటారు. మా బడికి వచ్చింది ఆ రకమే, పెన్‌డ్రైవ్ ఎక్కి ప్రయాణం చేస్తుంది. మూడో రకం మంచి వేషంలో వచ్చి, ఆటో పాటో అని నమ్మించి, మనమే తలుపు తీసి లోపలికి పిలిచేలా చేస్తుంది.

“మరి ఆ బాణం ఫోల్డర్?”

“అది ఫోల్డర్ కాదు. ఫోల్డర్ ముఖం తగిలించుకున్న షార్ట్‌కట్. అసలు దాన్ని దాచి, దాని చోట ఇది కూర్చుంది. నువ్వు నొక్కినప్పుడల్లా నీ చేతే ఆ పురుగుని లేపింది. పేరు చూసి నొక్కకు. పక్కన రకం అని రాసి ఉంటుంది, అది చూడు.”

కంప్యూటర్ మీదున్న యాంటీవైరస్ ఎందుకు పట్టలేదని అడిగాను. అది పోలీసు దగ్గరుండే దొంగల ఫోటోల లాంటిదట. కొత్త దొంగ ఫోటో రాకపోతే ఎదురుగా నిలబడ్డా సలాం కొడుతుంది. ఆ ఫోటోలు ఇంటర్నెట్లో వస్తాయి. మా రంగత్‌లో అప్పటి ఇంటర్నెట్‌లో ఒక్క ఈమెయిల్ తెరుచుకోవాలంటేనే టీ తాగి రావచ్చు. అందుకని మా యాంటీవైరస్ ఎప్పుడో పెట్టిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంది. ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసి, కొత్త అప్‌డేట్‌ను సీడీలో వేసి రంగత్ బస్సు డ్రైవరుకు ఇవ్వమని చెప్పింది. కూరగాయలూ మందులూ వచ్చినట్టే కంప్యూటర్ మందు కూడా బస్సులోనే రావాలి మరి.

బస్సు వచ్చింది, సీడీ రాలేదు. డ్రైవరు మారాడట. ఆ మర్నాడు జెట్టీ దగ్గర వాహనాలు దాటించే ఫెర్రీ చెడిపోయి అసలు బస్సే రాలేదు. ఆ రెండు సాయంత్రాలూ పిల్లలు నన్ను అడిగారు, నానమ్మ మాటలు పెట్టమని. రెండో సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు.

“అమ్మ నీతో మాట్లాడతానంటోంది.”

అత్త లైన్లోకి వచ్చింది. “ఏటమ్మీ, పిల్లలకి నా కతలు ఇనిపిత్తన్నావా?”

“నువ్వొచ్చి నువ్వే చెబుదువు గాని అత్తా.”

“అదేటి, ఇంత బాగా పట్టింతే! ఇక్కడ డాక్టరమ్మ బీపీ ఎక్కువుందని ఆపరేసన్ ఎనక్కి జరిపీసింది. ఊసుపోవట్లేదు. ఈ మంచాల్లో అందరూ బోలెడు తెలుగు మాటాడతన్నారు గానీ నా తెలుగు ఎవులికీ అర్తం కావట్లేదు. మద్దిలో హిందీ వచ్చేత్తంది.”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టాక వంటింట్లో నిలబడి, ఆ నవ్వు కూడా రికార్డు చేసి ఉండాల్సిందనుకున్నాను.

ఫెర్రీ బాగయ్యింది. సీడీ వచ్చింది, ఒక పాత క్యాలెండరు కాగితంలో చుట్టి. దీదీ ఒక్కో కంప్యూటర్‌నూ విడివిడిగా కూర్చోబెట్టి, అప్‌డేట్ ఎక్కించి, మొదటి మూల నుంచి చివరి మూల దాకా వెతికించింది. పట్టుబడ్డ ప్రతి పురుగుకూ తెర మీద ఒక ఎర్ర గీత పడుతుంటే లెక్కల మాస్టారు పక్కన నిలబడి క్రికెట్ స్కోరులా చదివి వినిపించాడు. ఆ తర్వాత, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఏర్పాటు ఒకటి ఉంటుందట, దాన్ని అన్నింటిలోనూ ఆపేసింది. అతిథి ఎవరో చూడకుండా తలుపు తీసే ఇల్లు ఉండకూడదంది.

ఆఖర్న టిఫిన్ డబ్బా మూత తీసి, నా పెన్‌డ్రైవే మొదట తీసుకుంది. శుభ్రమైన కంప్యూటర్‌కు పెట్టింది. యాంటీవైరస్ దాన్ని వెతికి, ఒక పురుగును పట్టి చంపానని చెప్పింది. పెన్‌డ్రైవ్ తెరిస్తే మళ్లీ అదే తెల్లటి ఖాళీ. దీదీ నావైపు చూడనైనా చూడకుండా నల్లటి కిటికీ ఒకటి తెరిచి, అందులో ఒకే ఒక వరుస టైపు చేసింది. దాచిన గుర్తును తీసేయమని కంప్యూటర్‌కు చెప్పడమట అది. ఎంటర్ కొట్టింది. కాసేపు ఏమీ జరగలేదు. ఏసీ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

తర్వాత ‘అత్త’ వచ్చింది. పసుపుపచ్చ ఫోల్డర్, బాణం లేకుండా.

దీదీ పక్కకు జరిగి నన్ను కూర్చోమంది. ఏదో ఒక ఫైలు నొక్కాను. అది చేపల కేక. కంప్యూటర్ల గదికి పెద్ద స్పీకర్లు ఉన్నాయి, శబ్దం పూర్తిగా పెంచి ఉందని ఎవరూ చూసుకోలేదు. మా అత్త బడంతా దద్దరిల్లేలా ముందు తెలుగులో, తర్వాత హిందీలో, తర్వాత బెంగాలీలో చేపలు అమ్మింది. వరండాలో పిల్లలు ఆగిపోయారు. హెడ్‌మాస్టారు గదిలోంచి బయటికి వచ్చారు. బెంగాలీ కేక దగ్గర దీదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఈ ఆంటీ మా అమ్మకు చేపలమ్మేది! మా ఇంటి ముందు ఇదే కేక!”

నేను టేబుల్ మీద తల పెట్టి ఏడ్చాను. ఈసారి ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చనవసరం లేదని అందరికీ తెలిసింది. సైన్సు మేడమ్ తన పెన్‌డ్రైవ్ పట్టుకుని వరుసలో నిలబడింది. ఆమె కూతురి పుట్టినరోజు కూడా తిరిగి వచ్చింది. ప్రశ్నపత్రాలూ వచ్చాయి. అవి పోయాయని సంబరపడ్డ పదో తరగతి పిల్లలకు మాత్రం అది చేదు కబురు.

ఆ రోజే దీదీ ఆ రికార్డింగులను రెండు సీడీల్లో వేసింది, తమ్ముడు పంపిన పొట్లంలో ఖాళీవి కూడా ఉన్నాయి. బడి కంప్యూటర్లో ఒక ప్రతి ఉంచింది. ఒకే చోట ఉన్నది ఉన్నట్టు కాదు అని నాతో అంది. తర్వాత ఇద్దరం కలిసి బజారుకు వెళ్లాం. జిరాక్స్ షాపు భయ్యా మొదట ఒప్పుకోలేదు.

“నా మెషీన్ బిల్కుల్ సాఫ్ మేడమ్. రోజూ తుడుస్తాను.”

“బయట తుడుస్తావు భయ్యా. లోపల చూద్దాం,” అని దీదీ అప్‌డేట్ సీడీ పెట్టింది. ఎర్ర గీతలు మా బడికంటే ఎక్కువ పడ్డాయి. అతని ముఖం పాలిపోయింది. ఊళ్లో ప్రతి పెన్‌డ్రైవూ వచ్చి పోయేది అక్కడికే. అతనేమీ తప్పు చేయలేదు, ఎవరో తెచ్చిన పురుగు అతని దగ్గర గూడు కట్టుకుంది, అంతే. దీదీ పని పూర్తయ్యేదాకా అతను మాకు కొబ్బరిబోండాలు తెప్పిస్తూనే ఉన్నాడు. మర్నాటి నుంచి, ఏ పెన్‌డ్రైవైనా ముందు వెతికించి తర్వాతే తెరుస్తానని షాపు ముందు హిందీలో అట్ట కట్టాడు.

ఆ సాయంత్రం ఫోన్లో మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన అత్తకు చెప్పినట్టున్నాడు, వెనకనుంచి ఆమె మాట వినబడింది: “ఓలబ్బో, నా గొంతుకీ రోగమే, డబ్బాకీ రోగమేనేటి! దానికి నయమైపోనాదా? అయితే నాకూ అయిపోద్ది.”

ఆమెకు బీపీ తగ్గింది. ఆపరేషన్ జరిగింది. నేను బడిలో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. గడ్డ మంచిదే, చెడ్డ రోగం కాదని చెప్పాడు. గొంతు? పలుకుతోంది, కానీ గుసగుసే, నరం క్షేమమనే అంటున్నారు, కొన్ని వారాలు పడుతుందట. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. నేను అత్తా అత్తా అని అరుస్తున్నాను. అవతల నుంచి గాలి లాంటి శబ్దం వచ్చింది. చాలాసేపటికి అది ‘కోళ్లు’ అనే మాటని అర్థమైంది.

వేస్తున్నాను అత్తా, మేత వేస్తున్నాను అన్నాను.

ఓడ దిగి ఇంటికి వచ్చేనాటికి ఆమె మెడ మీద సన్నటి గీత, నోట్లో సన్నటి మాట. మాట్లాడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆమె మాట వింటుందని మేమెవరమూ అనుకోలేదు గానీ విన్నది. సైగలతో ఇల్లు నడిపింది. సాయంత్రం పిల్లలు సీడీ వేస్తే, వరండాలో కూర్చుని తన కథలు తనే విని, చెప్పడం మరిచిపోయినవి గుర్తొచ్చి తల కొట్టుకునేది. మా ఆయన ఆలస్యంగా వచ్చిన ఒకరోజు, నాకు సైగ చేసి, తిట్ల ఫైలు పెట్టించింది. ఆయన చెప్పులు విప్పుతూ గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ఆమె నోరు మూసుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వింది.

మాట రోజురోజుకూ కాస్త కాస్తగా వచ్చింది. వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం నేను బడికి బయల్దేరుతుంటే, పెరట్లో కుక్కపిల్ల కోళ్ల వెంట పడింది. “ఓసోస్! ఛల్ హట్!” అని కేక వినబడింది. పక్కింటి బెంగాలీ ఆవిడ కిటికీ తెరిచింది. నేను బ్యాగు కింద పెట్టేశాను. అత్త పెరట్లో కర్ర పట్టుకుని, తన గొంతు తనకే వినబడి, ఆశ్చర్యంగా నావైపు చూస్తోంది. మునుపటి గొంతు కాదు. కొంచెం బొంగురు కలిసింది, పై స్థాయి అందలేదు. కానీ ఆమె గొంతే.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె వృద్ధాప్య పెన్షను బ్యాంకు ఖాతాలోకి రావడం మొదలైంది. కార్డు కూడా ఇచ్చారు. ఒకరోజు నేను వంట చేస్తుంటే ఆమె ఫోన్‌కు ఎవరో కాల్ చేశారు, ఆమె అలవాటుగా స్పీకర్ నొక్కింది. హిందీలో తీయగా మాట్లాడుతున్నాడు. బ్యాంకు హెడ్ ఆఫీసు నుంచట, కార్డు ఇవాళే బంద్ అవుతుందట, ముందున్న అంకెలూ వెనకున్న అంకెలూ చెబితే చాలు కాపాడతాడట. నేను గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చేసరికి ఆమె కార్డు చేతిలో పట్టుకునే ఉంది.

“బాబూ, ఏ బ్యాంకు?” అని హిందీలో అడిగింది.

అతను ఏదో పేరు చెప్పాడు.

“మా బ్యాంకు మేనేజర్ ఆడా మగా?”

దానికి జవాబివ్వకుండా, టైం లేదు మాతాజీ, త్వరగా చెప్పండి అన్నట్టు ఏదో తొందరపెట్టాడు.

“తొందర నీకా నాకా? నా కార్డు బంద్ అయితే నీకెందుకురా అంత ఏడుపు?” అని ఆమె హిందీలోంచి తెలుగులోకి దిగింది. ఆ దిగడం ఎక్కడిదాకా వెళ్లిందో ఇక్కడ రాయలేను. ఫోన్ తనే పెట్టేసింది.

నేను గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాను. “అంకెలేమైనా చెప్పావా అత్తా?”

“ఒక్కటీ సెప్పలేదు. ఆ డబ్బా రోగం కత సెప్పినప్పుడు నువ్వే గదే అన్నావు, అడక్కుండా సాయం సెయ్యడానికొచ్చినోడిని ముందు నువ్వెవుడివని అడగమని.” కానీ కొద్దిసేపటికే ఆమె ముఖంలో అనుమానం వచ్చింది. “అమ్మీ, నిజంగా బ్యాంకోడే అయితే? పాపం, నోటికొచ్చినట్టు తిట్టీసినాను.”

మర్నాడు ఇద్దరం రంగత్ బజార్లోని బ్యాంకుకు వెళ్లాం. మేనేజరు ఒక చిన్నవయసు అమ్మాయి. కంప్యూటర్‌లో చూసి, కార్డు బాగానే ఉంది ఆంటీ, మేమెప్పుడూ ఫోన్ చేసి అంకెలు అడగం, మీరు చేసింది సరైన పని అంది. అత్త ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. బయటికొచ్చాక చెట్టు నీడన నిలబడి, టీ తాగుదామంది. రెండు సమోసాలు కూడా చెప్పింది.